లిస్బన్‌లో ఒక్కదాన్నే దిగాను: మొదటి రెండు రోజులు ఏం చెయ్యమంటారు?

బెజవాడ_బాటసారి · శనివారం ఉదయం

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లిస్బన్ వచ్చాను. ఒక్కదాన్నే. గది మొరారియాలో, కోట కింద ఉన్న పాత పేటలో తీసుకున్నాను.

అడ్రసు చివర "4 ఎస్క్" అని ఉంది. తలుపు పక్కన కాలింగ్ బెల్లుల బోర్డు చూస్తే ఒక్క పేరూ లేదు, అన్నీ అంకెలే. ప్రతి అంకె పక్కన ఎస్క్ అనో దిర్ అనో రాసి ఉంది. నాలుగో అంతస్తు, ఎడమ చేతి వైపు ఇల్లు అని అర్థం కావడానికి కాసేపు పట్టింది. లిఫ్టు లేదు. చెక్క మెట్లు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి దిగాల్సిందే. పెట్టె ముందు పెట్టి వెనక నుంచి నెట్టుకుంటూ ఎక్కాను. రెండో అంతస్తు దాటానో లేదో లైటు టప్పున ఆరిపోయింది. గోడ తడుముకుంటూ నిలబడితే ఒక పెద్దావిడ తలుపు తీసి, ఎక్కడో ఉన్న బొత్తాం నొక్కి, నా మొహం కూడా చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఎక్సెల్‌లో పెద్ద జాబితా వేసుకొచ్చాను. నది ఒడ్డు బెలేం పేట, కోట, 28 నంబరు ట్రామ్, పక్కూరు సింత్రా, ఇంకా బోలెడు. కానీ పొద్దున్న లేచి కిటికీ తీసి చూస్తే ఎటు చూసినా ఎక్కుడే. కాళ్ళు ఆడట్లేదు. గుడ్డు తింటాను, మాంసం, చేపలు తినను. ఎక్కడ మొదలెట్టమంటారు?

తేజు_ఒడ్డున · శనివారం ఉదయం

స్వాగతం అండీ. నేను ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను. ముందు ఆ జాబితా మూసెయ్యండి. ఈ ఊరు మ్యాపులో చూసినట్టు ఉండదు. మ్యాపులో మూడొందల మీటర్లంటుంది, వెళ్తే అందులో సగం మెట్లే. మొదటి రెండు రోజులు చూడాల్సింది ఏది ఎత్తులో ఉంది, ఏది పల్లంలో ఉంది, ఎక్కకుండా పైకి ఎలా చేరాలి అన్నదే. అది తెలిస్తే మిగతాదంతా తేలిక.

మీరున్న చోటి నుంచి మొదటి పాఠం చెప్తాను. కిందికి దిగి బైషాకి రండి. అది రెండు కొండల మధ్య చదునుగా ఉండే బజారు. అక్కడ ఫాంకైరూష్ వీధిలో మామూలు ఇంటి తలుపులాంటి దాని లోపల లిఫ్టు ఉంటుంది. ఊరి కార్పొరేషన్‌ది, టికెట్టు లేదు. పైకి వెళ్తే మదలేనా వీధిలో తేలతారు. అక్కణ్ణించి నాలుగడుగులు వేస్తే పింగు దోస్ సూపర్‌మార్కెట్ ఉన్న భవనం. అందులోనూ ఇంకో లిఫ్టు ఉంది, అదీ ఉచితమే. అందులో పైకెళ్ళి దిగితే కోటకి సగం పైన ఎక్కినట్టే. ఎదురు కొండ షియాదు. దానికి బైషా-షియాదు మెట్రో స్టేషను ఎస్కలేటర్లు ఉన్నాయి. కింది ద్వారంలో దూరి పై ద్వారంలోంచి బయటికొస్తే కొండెక్కేసినట్టే. రైలు ఎక్కక్కర్లేదు, టికెట్టూ అక్కర్లేదు. ఇక్కడి ముసలాళ్ళందరూ సంచులు పట్టుకుని ఇలాగే తిరుగుతారు.

కార్డు సంగతి. మెట్రో మెషీన్‌లో నవేగాంత్ కార్డు కొనండి, అర యూరో. అందులో "జాపింగ్" అనే పద్ధతిలో డబ్బు వేసుకుంటే మెట్రో, బస్సు, ట్రామ్, లోకల్ రైలు, పడవ అన్నిటికీ అదే పనిచేస్తుంది. ట్రామ్‌లో డ్రైవరు దగ్గర నోటిచ్చి కొంటే దాదాపు రెట్టింపు పడుతుంది. ఒక కార్డులో ఒక రకం టికెట్టే పెట్టండి, జాపింగూ రోజు పాసూ కలపొద్దు.

నల్లగొండ_నవాబు · శనివారం ఉదయం

అక్కా, పరేషాన్ గాకు. నేను పోయినేడు పోయొచ్చిన. తేజు అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మోకాళ్ళ సంగతి ముందు జూస్కో.

28 ట్రామ్ ఎక్కాల్నంటే పొద్దుగాల ఏడింటికి ఎక్కు. పదింటి తర్వాత అది బయల్దేరే మార్టిం మొనీజ్ చౌకు దగ్గర లైను జూస్తే నవ్వొస్తది, గంట నిలవడ్డా సీటు దొరకది. ఆ గుంపుల జేబులు కొట్టేటోళ్ళు గూడ మస్తుగ ఉంటరు. ఫోన్ చేతిల పట్టుకొని కిటికీల నుంచి వీడియో తీస్తే పోయినట్టే లెక్క. రెండో కొస కంపు ద్ ఔరీక్, స్మశానం దగ్గర. ఆడ ఎక్కినవనుకో, ఖాళీగ ఉంటది.

ఇంకోటి. బైషాల అగస్టా వీధిల నడుస్తుంటే ఒకడు పక్కకొచ్చి మెల్లగ "హాషిష్, హాషిష్" అంటడు. భయపడకు. వాడు అమ్మేది మత్తుమందు గూడ గాదు, బిర్యానీ ఆకు నలిపి ముద్ద జేసిందట. పోలీసులు గూడ ఏం జెయ్యలేకపోతున్నరంటరు, ఆకు అమ్ముడు నేరం గాదు గదా 😄 మొహం జూడకుండ నడుసుకుంట పో.

గోదారి_గట్టు · శనివారం మధ్యాహ్నం

నేను ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటాను. పై ఇద్దరితో కొంచెం విభేదిస్తాను. లక్షలు పోసి, వీసా కోసం కాళ్ళరిగేలా తిరిగి వచ్చిన మనిషిని "జాబితా మూసెయ్యి" అంటే ఎలా? బెలేంలో జెరోనిముష్ మఠం సోమవారం మూత. ఆదివారం వెళ్ళకపోతే మళ్ళీ మంగళవారమే. ఇలాంటివి ముందే చూసుకోకపోతే గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి రావాలి.

కాయితాల సంగతి కూడా. మీరు షెంగెన్‌లోకి (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమి) అడుగుపెట్టింది ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాబట్టి పాస్‌పోర్టు ముద్రో, కొత్త వేలిముద్రల నమోదో అక్కడే అయిపోయి ఉంటుంది. 2025 అక్టోబరు 12 నుంచి ఆ కొత్త పద్ధతి మొదలైంది. వేరే షెంగెన్ దేశం మీదుగా పోర్చుగల్ వచ్చిన బయటిదేశాలవాళ్ళు మూడు పనిదినాల్లో తమ రాక తెలపాలని నియమం ఉంది. హోటల్లోనో, రిజిస్టరైన అద్దె గదిలోనో ఉంటే ఆ నమోదు వాళ్ళే చేస్తారు. మీ గది ఇచ్చినవాళ్ళు పాస్‌పోర్టు వివరాలు అడిగారా? అడగకపోతే మీరే అడగండి. లిస్బన్‌లో రాత్రికి 4 యూరోల టూరిస్టు పన్ను కూడా వేరే కట్టాలి. అది మోసం కాదు, కంగారు పడొద్దు.

పత్తికొండ_పిల్లోడు · శనివారం మధ్యాహ్నం

మేడమ్, వీసా హైదరాబాద్‌లో యాడ ఇచ్చినారు, ఎన్ని దినాలకి వచ్చింది? బ్యాంకులో ఎంత చూపించినారు?

నిర్వాహకుడు · శనివారం మధ్యాహ్నం

తమ్ముడూ, వీసాకి వేరే చర్చ నడుస్తోంది, అక్కడ అడుగు. ఇక్కడ లిస్బన్ గురించి మాత్రమే.

బెజవాడ_బాటసారి · శనివారం రాత్రి

అందరికీ థాంక్స్. గోదారి గారూ, పాస్‌పోర్టు ఫోటో ముందే పంపించుకున్నారు, పన్ను కూడా కట్టించుకున్నారు.

లిఫ్టులు దొరికాయి! ఫాంకైరూష్ వీధిలో ఆ తలుపు ముందు నుంచి అటూ ఇటూ తిరిగాను. చివరికి కూరగాయల సంచితో ఒకావిడ లోపలికి వెళ్తుంటే వెనకే దూరాను. పైన సూపర్‌మార్కెట్ లిఫ్టు దిగేసరికి ఎర్ర పెంకుల కప్పులన్నీ కాళ్ళ కింద, అటు పక్కన నది. కోట లోపలికి వెళ్ళలేదు. ఆ గోడ దగ్గరే గంట కూర్చున్నాను.

మధ్యాహ్నం ఒక చిన్న భోజన హోటల్లో కూర్చోగానే అడక్కుండానే రొట్టె, ఆలివ్‌లు, చిన్న జున్ను ముక్క తెచ్చి పెట్టారు. మర్యాద అనుకుని తిన్నాను. బిల్లులో మూడూ ఉన్నాయి. మెనూ కూడా గమ్మత్తుగా ఉంది: చాలా వంటకాల పక్కన "ఇద్దరికి" అని రాసి ఉంది. ఒక్కదాన్ని వస్తే అన్నం పెట్టరా?

ఇంకోటి చెప్పనా, నవ్వొద్దు. అయిదున్నరకే చీకటి పడిపోయింది. ఎనిమిదింటికి అమ్మకి ఫోన్ చేద్దామని తీశాను. అక్కడ రాత్రి ఒంటిగంటన్నర. ఫోన్ పక్కన పెట్టేశాను. పగలంతా బాగానే ఉంది, ఈ సాయంత్రం ఎనిమిది నుంచి పదకొండు దాకా ఏం చెయ్యాలో తోచట్లేదు.

తేజు_ఒడ్డున · శనివారం రాత్రి

ఆ ముందు పెట్టేదాన్ని కూవేర్ అంటారు. ముట్టుకోకపోతే డబ్బు తీసుకోకూడదని చట్టమే ఉంది. వద్దంటే చెయ్యి ఊపండి, తీసుకుపోతారు, ఎవరూ ఏమీ అనుకోరు. ఆలివ్‌లు మాత్రం తినడమే మేలు, రెండు యూరోలకి అంత రుచి ఇంకెక్కడ దొరుకుతుంది?

ఒక్కరికి "మేయా దోజ్" అని అడగండి, సగం వడ్డన. మధ్యాహ్నం అయితే "ప్రాతు దు దియా", ఆ రోజు వంటకం. తొందరగా వస్తుంది, చవక. మాంసం లేకుండా కావాలంటే జున్ను ఆమ్లెట్, టమాటా అన్నం, చిక్కుడుగింజల అన్నం అడిగి చూడండి. "మిష్తా" అని ఉంటే పంది మాంసం ఉన్నట్టే, ఆమ్లెట్ అయినా, కాల్చిన శాండ్‌విచ్ అయినా. పచ్చగా కనిపించే కాల్దు వెర్ద్ సూపు ఆకుకూరది అనుకుని అందరూ తాగేస్తారు, అడుగున సాసేజి ముక్క ఉంటుంది.

నల్లగొండ_నవాబు · శనివారం రాత్రి

గా సాసేజి ముక్క కోసమే నేను మూడు గిన్నెలు తాగిన 😂

ఒంటిగింజ · ఆదివారం ఉదయం

అమ్మాయ్, నేను విశాఖ నుంచి. మావారు పోయాక ఒక్కదాన్నే తిరగడం మొదలుపెట్టాను, ఇప్పుడదే అలవాటు. నువ్వు చెప్పిన ఆ ఎనిమిది నుంచి పదకొండు నాకు ఊరు ఊరులోనూ ఎదురైంది. దాన్ని ధైర్యంతో గెలవలేం, ఏర్పాటుతో గెలవాలి.

మొదటిది, అమ్మకి ఫోన్ పొద్దున్నే చెయ్యి. నీకు ఎనిమిది అంటే ఆవిడకి మధ్యాహ్నం ఒంటిగంటన్నర, భోంచేసి తీరిగ్గా ఉంటుంది. రెండోది, పెద్ద భోజనం మధ్యాహ్నమే చేసెయ్యి. రాత్రి జంటలూ కుటుంబాలూ కూర్చునే హోటల్లో నాలుగు కుర్చీల బల్ల ముందు ఒక్కదానివే కూర్చోకు. నిలబడి తినే కౌంటరు ఉన్న కాఫీ కొట్టుకి వెళ్ళు. ఆ ఊళ్ళో వీధికొకటి ఉంటుంది. కౌంటరు దగ్గర ఒంటరి అనేదే ఉండదు, అందరూ ఒక్కొక్కరే. అక్కడ ధర కూడా బయట కుర్చీల్లో కంటే తక్కువ.

మూడోది, చీకటిపడే వేళకి ఎక్కడో ఒకచోటికి కదులుతూ ఉండు, గదికి చేరకు. కైష్ దు సుద్రే నుంచి అవతలి ఒడ్డు కసీల్యాష్‌కి పడవ ఉంది, పది నిమిషాలు. ఆఫీసులనుంచి ఇళ్ళకి వెళ్ళేవాళ్ళతో కలిసి వెళ్ళు, అదే పడవలో తిరిగి రా. ఊరు చూడ్డానికి వచ్చిన జనం కాదు, పనులు చూసుకుంటున్న జనం మధ్య కూర్చుంటే మనసు కుదుటపడుతుంది. బట్టలుతికే యంత్రాల కొట్టు కూడా మంచి చోటే. నవ్వకు, నేను రెండు ఊళ్ళలో అక్కడే స్నేహితుల్ని సంపాదించాను.

విశ్రాంత_మాస్టారు · ఆదివారం ఉదయం

తల్లీ, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి, నన్ను ఆపడం కష్టం. నువ్వు నడిచిన ఆ బైషా ఎందుకు గీత గీసినట్టు తిన్నగా ఉందో చెప్పనీ. 1755 నవంబరు 1, సర్వపరిశుద్ధుల పండుగ. పొద్దున జనమంతా చర్చిల్లో ఉండగా భూకంపం వచ్చింది. కొవ్వొత్తులు పడి మంటలు అంటుకున్నాయి. ప్రాణభయంతో నదీతీరానికి పరిగెత్తినవాళ్ళ మీదికి సముద్రం ఎగబడింది. ఊరు నేలమట్టమయింది. తర్వాత రాజుగారి మంత్రి పొంబాల్ మార్క్విస్ హయాంలో ఆ లోయంతా కొత్తగా గళ్ళు గళ్ళుగా కట్టారు. గోడల లోపల చెక్కతో పంజరం లాంటి చట్రం పెట్టారు, భూమి ఊగితే ఇల్లూ ఊగాలి గాని కూలకూడదని. సైనికుల్ని చుట్టూ కవాతు చేయించి ఆ చట్రాన్ని పరీక్షించారని చెప్పుకుంటారు.

షియాదు కొండ మీద కార్ము మఠం ఉంది. కప్పు కూలితే మళ్ళీ వెయ్యలేదు. ఆకాశం కింద కమానులు మాత్రం నిలబడి ఉన్నాయి. దాని ముందున్న చిన్న మైదానంలోనే 1974 ఏప్రిల్ 25న సైన్యం నియంతృత్వ ప్రభుత్వాధినేతని ముట్టడించి లొంగదీసుకుంది. తుపాకీ గొట్టాల్లో ఎర్ర కార్నేషన్లు గుచ్చింది ఆ రోజే. జాబితాలో ఒక్కటే ఉంచుకోమంటే నేను అదే ఉంచుతాను.

రొస్సియు చౌకు పక్కన సావు దొమింగూష్ చర్చి కూడా చూడు. 1959లో లోపలంతా కాలిపోయింది. పైకప్పు వేశారు గాని స్తంభాలు పగిలినవి పగిలినట్టే వదిలేశారు. బయట చౌకులో 1506లో జరిగిన యూదుల ఊచకోతకి స్మారకశిల ఉంది.

పత్తికొండ_పిల్లోడు · ఆదివారం మధ్యాహ్నం

మాస్టారూ, పరీక్షలో ఇది వస్తాదా? 🙂 బాగుంది సామీ, చదివినంతసేపు వీసా సంగతే మర్చిపోయినా.

బెజవాడ_బాటసారి · ఆదివారం రాత్రి

ఒంటిగింజ గారూ, మీ మాట అక్షరాలా పాటించాను. పొద్దున్న అమ్మతో గంట మాట్లాడాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "అక్కడ అన్నం దొరుకుతోందా?"

బెలేం వెళ్ళలేదు, గోదారి గారు కోప్పడొద్దు. పొద్దున్నించీ వాన. ఈ ఊరి కాలిబాటలన్నీ అరచేతి సైజు తెల్ల సున్నపురాళ్ళతో పేర్చినవి. వందేళ్ళ నడకకి అరిగి నున్నగా అయిపోయాయి. తడిస్తే గాజు మీద నడిచినట్టే. నేను బూట్లతో పక్షిలా అడుగులేస్తుంటే ఒక తాతగారు గొడుగు చివరతో చూపించారు: రాళ్ళ మధ్య కాదు, గోడవారన నల్లరాయి పట్టీ మీద నడవమని. ట్రామ్ పట్టాల మీద అడుగు పెట్టొద్దని కూడా సైగ చేశారు. ఇద్దరం ఒక్క మాట లేకుండా వీధి చివరి దాకా దిగాం.

కార్ముకి వెళ్ళాను మాస్టారూ, బయటి నుంచే చూశాను. వాన నేరుగా కప్పు లేని ఆ కమానుల మీద పడుతోంది. బయట చౌకులో చెస్ట్‌నట్‌లు కాల్చే బండి, పొగ తెల్లగా వీధంతా. డజను కాగితంలో చుట్టి ఇచ్చారు. పై తొక్క ఉప్పుకి బూడిద పట్టినట్టుంది, లోపల చిలగడదుంపలా మెత్తగా. చేతులు వెచ్చబడ్డాయి. సాయంత్రం పడవ ఎక్కాను. అవతలి ఒడ్డున చూడాల్సిందేమీ చూడలేదు, కాఫీ తాగి వచ్చేశాను. బాగుంది.

ఒక సందేహం. మా గది పక్కనే బెన్‌ఫర్మోజు వీధి. బంగ్లాదేశీ, నేపాలీ కొట్లతో నిండి ఉంటుంది, నాకైతే ఇంటికొచ్చినట్టే ఉంది. కానీ గది ఇచ్చినాయన రాత్రి అటు వెళ్ళొద్దన్నాడు. నిజంగా ప్రమాదమా?

తేజు_ఒడ్డున · ఆదివారం రాత్రి

ఆ వీధి మీద రాజకీయమే ఎక్కువ. 2024 డిసెంబరు 19న పోలీసులు అక్కడ డజన్లకొద్దీ మనుషుల్ని గోడవైపు తిప్పి వరసగా నిలబెట్టి తనిఖీ చేశారు. ఆ ఫోటోలు దేశమంతా తిరిగాయి, జనవరిలో పెద్ద ఊరేగింపు జరిగింది. వలస వచ్చినవాళ్ళ పేట కాబట్టి కొందరికి అదంటే పడదు. నేను వారానికోసారి సరుకులకి అక్కడికే వెళ్తాను. కరివేపాకు, పచ్చిమిర్చి, సోనామసూరి కాకపోయినా దగ్గరి బియ్యం, అన్నీ దొరుకుతాయి. మార్టిం మొనీజ్ చౌకు పక్కన ఉన్న పాత షాపింగ్ సెంటర్ కింది అంతస్తులు కూడా చూడండి. రాత్రి పదకొండు దాటాక సందుల్లో ఒంటరిగా తాగినవాళ్ళు ఉంటారు, ఆ జాగ్రత్త ఏ ఊళ్ళోనైనా ఉండేదే. పాస్‌పోర్టు గదిలో పెట్టి కాపీ, వీసా ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి.

గోదారి_గట్టు · సోమవారం ఉదయం

కాపీతో సరిపెట్టుకోమని నేను చెప్పను, తనిఖీలో అసలుదే అడగొచ్చు. లోపలి జేబు ఉన్న జాకెట్టు వేసుకోండి, పాస్‌పోర్టు అందులో పెట్టుకోండి. ఇంతకీ నాకు కోపమేం లేదు. కార్ము వానలో చూశారు, నేను ఎండలో చూశాను, మీదే బాగున్నట్టుంది.

కాకినాడ_కాజా · సోమవారం ఉదయం

ఇప్పుడే చూశాను. లూమియార్ వైపు రాధాకృష్ణ మందిరం ఉంది, వీధి పేరు కూడా మహాత్మా గాంధీదే. మందిరం క్యాంటీన్‌లో గుజరాతీ థాలీ పెడతారు. పప్పూ అన్నమూ కోసం ప్రాణం లాగేస్తే అక్కడికి వెళ్ళండి.

నల్లగొండ_నవాబు · సోమవారం ఉదయం

గింత దూరం పోయి గుజరాతీ థాలీనా అన్నా? 🙏

కాకినాడ_కాజా · సోమవారం ఉదయం

నవాబు గారూ, ఆ థాలీ పెట్టేవాళ్ళ కథ తెలిస్తే అలా అనరు. వాళ్ళ పెద్దలు చాలామంది గుజరాత్, దీవ్ నుంచి మొజాంబిక్ వెళ్ళి వ్యాపారాలు చేసుకున్నారు. 1975లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక అక్కణ్ణించి లిస్బన్ చేరారు. అదీ ఈ ఊరి తిండే. మీరు సాసేజి తినండి, ఆవిడ్ని పప్పు తిననివ్వండి.

బెజవాడ_బాటసారి · సోమవారం రాత్రి

కాజా గారికి జై. వడ్డించినావిడ నన్ను గుజరాతీలో పలకరించింది, నేను హిందీలో, ఆవిడ మళ్ళీ పోర్చుగీసులో. మజ్జిగ రెండోసారి అడక్కుండానే పోసింది.

ఇక జాబితా తెరుస్తున్నాను. రేపు సింత్రా. రొస్సియు నుంచి రైలు అని తెలుసు, ఇంకేమైనా?

తేజు_ఒడ్డున · సోమవారం రాత్రి

నలభై నిమిషాల ప్రయాణం. జాపింగ్ పనిచేస్తుంది, గేటు దగ్గర కార్డు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చూపించండి. పేనా రాజభవనం లోపలికి వెళ్ళే టికెట్టుకి సమయం రాసి ఉంటుంది, ఈ రాత్రే ఆన్‌లైన్‌లో తీసుకోండి. స్టేషను నుంచి కొండ మీదికి 434 బస్సు ఉంది. టికెట్టు మీది సమయం గేటు దగ్గరిది కాదు, భవనం గుమ్మానిది. గేటు నుంచి పైకి ఇంకో అరగంట ఎక్కుడు ఉంది, అది లెక్కలో వేసుకోండి. లిస్బన్‌లో ఎండ ఉన్నా అక్కడ మంచు కమ్ముతుంది, స్వెటర్ తీసుకెళ్ళండి.

నల్లగొండ_నవాబు · సోమవారం రాత్రి

అక్కా, ఆడ లిఫ్టులు లెవ్వు, ముందే చెప్తున్న.

పత్తికొండ_పిల్లోడు · సోమవారం రాత్రి

ఫోటోలు పెట్టండి మేడమ్. వీసా చర్చలో కూడా ఒకసారి కనిపించండి, మీకోసం కాచుకోనుండా.